భౌతికశాస్త్రమున పరిశోధనవిద్య: తల్లిదండ్రులకును దాతలకును మనవి

(సంఘ వార్షిక మహాసభలో, విద్యాగోష్ఠియందు చదివిన ఉపన్యాసము)



మాకు ముందు మాటాడిన పెద్దలు వైద్యవిద్యను గూర్చియు, ఇంజనీరింగును గూర్చియు, విదేశములలోని కంప్యూటరు చదువులను గూర్చియు సెలవిచ్చిరి. సభ్యులు పెక్కుమంది కాగితములపై వ్రాసికొనుటయు మేము చూచితిమి. మా విషయమునకు అట్టి భాగ్యము పట్టునో లేదో! భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి., ఆపైన పిహెచ్.డి. అనగానే మనయిండ్లలో ఇప్పటికిని వినబడు మాట ఒక్కటే: “అది చదివి ఏమి చేయును?” ఇంటర్మీడియటులో రెండేండ్లపాటు ఆ శాస్త్రమును పిల్లలచేత రేయింబవళ్లు వల్లింపజేయుదుము. ప్రవేశపరీక్ష గడచినంతనే, ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు, దానిని విడిచిపెట్టుదుము. ఆ తెప్పమీదనే ఇంకను ముందునకు పోవుదుననువాడు వేయింటికొకడు. ఆ యొక్కనిని గూర్చియే నేటి మా ప్రసంగము.

మేము ఒక డిగ్రీకళాశాలలో ముప్పదియేండ్లు ఈ శాస్త్రమును బోధించి విశ్రాంతి పొందినవారము. ఐనను మా తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనక ముందునకు సాగుట న్యాయము కాదు.

2003వ సంవత్సరమున మన సంఘపు విద్యార్థివేతనముల ఉపసంఘమున మేమును ఒక సభ్యులము. ఒకనాడు ఒక కుఱ్ఱవాడు దరఖాస్తు చేతబట్టుకొని వచ్చెను. తండ్రి దర్జీపని చేయువాడు. బి.ఎస్‌సి.లో మంచి మార్కులు వచ్చినవి. ఉత్తరదేశపు విశ్వవిద్యాలయమొకదానిలో భౌతికశాస్త్రపు ఎం.ఎస్‌సి.లో చోటు దొరకినది. వసతిగృహపు ఖర్చులకు రెండేండ్లు సాయము కోరెను. మన దరఖాస్తుఫారములో పదునొకండవ గడి యొకటి కలదు: “చదువు ముగిసిన ఎన్నాళ్లకు ఉద్యోగము వచ్చును?” అని. ఆ గడిని అతడు ఖాళీగా విడిచిపెట్టెను. ఏమయ్యా యని యడుగగా, “ఎం.ఎస్‌సి. తరువాత పిహెచ్.డి. చేయదలచితినండీ. ఎన్నాళ్లు పట్టునో తెలియదండీ” అనెను. ఉన్నమాట చెప్పెను. సభ్యులు మావైపు చూచిరి, ఏలయన ఆ గదిలో ఆ శాస్త్రము తెలిసినవారము మేమొక్కరమే. “ఏడెనిమిదేండ్ల మాట” అని మాత్రము మేమంటిమి. అతనికి సాయము నిరాకరింపబడెను. నిరాకరించిన నాలుగు చేతులలో మా చేయియు నొకటి.

ఆ యువకుడు నేడు ఎరువుల దుకాణము నడపుచు గౌరవముగానే జీవించుచున్నాడు. బజారులో కనబడినప్పుడెల్ల నమస్కరించును. ఆ నమస్కారము మాకు బరువుగా నుండును.

ఆనాడు మా లెక్కలో జరిగిన పొరపాటేమనగా, ఏడెనిమిదేండ్లును ఇంటివారే భరింపవలెనన్నట్లు మేము మాటాడితిమి. అది నిజము కాదు. ఇంటివారు భరింపవలసినది మొదటి భాగము మాత్రమే. పిహెచ్.డి.లో చేరిన పిమ్మట విద్యార్థి రుసుములు కట్టి చదువుకొనువాడు కాడు. పనిచేసి వేతనము పుచ్చుకొనువాడు.

మనదేశమున సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. వారి నెట్ పరీక్షయందు జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు సంపాదించినవానికి 2023 జనవరి 1 మొదలు నెలకు 37,000 రూపాయలు నిర్ణయింపబడినవి. రెండేండ్ల పిమ్మట పని తృప్తికరమని తేలినచో 42,000 రూపాయలు. వసతిగృహమున చోటు లేనివారికి ఇంటియద్దె భత్యము వేఱు. గేట్, జెస్ట్ అను పరీక్షల మూలమునను పరిశోధనసంస్థలలో ప్రవేశము కలదు. సొంతయూరిలో పెద్ద కళాశాల లేదని దిగులుపడనక్కఱలేదు. ఐ.ఐ.టి.లలోని ఎం.ఎస్‌సి.కి 2004వ సంవత్సరము నుండి జామ్ అను ఒక్క పరీక్ష జరుగుచున్నది. మూడు గంటల కాలము, 60 ప్రశ్నలు, 100 మార్కులు. బెంగుళూరిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఎం.ఎస్‌సి.యు పిహెచ్.డి.యు కలిసిన చదువునకును ఈ పరీక్షయే ద్వారము. మన తెలుగునాట ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయములును, 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఉండనేయున్నవి.

అమెరికాసంగతి వినిన మీరు మఱింత ఆశ్చర్యపడుదురు. కంప్యూటరు ఎం.ఎస్. చదువుటకు మనవారు పొలములు తాకట్టుపెట్టి బ్యాంకులలో లక్షలకు లక్షలు అప్పు చేయుచున్నారు. అదే విశ్వవిద్యాలయమున, ఆ ప్రక్క భవనములో, భౌతికశాస్త్రపు పిహెచ్.డి.లో చేరిన పిల్లవానికి సామాన్యముగా బోధనరుసుము మాఫీయగును. పైగా, క్రిందితరగతులవారికి ప్రయోగశాలలో పాఠము చెప్పినందులకో, ప్రొఫెసరుగారి పరిశోధనలో పనిచేసినందులకో, నెలనెల జీవనమునకు చాలినంత వేతనమిత్తురు. నాలుగేండ్ల డిగ్రీ యున్నచో ఎం.ఎస్‌సి. లేకయే నేరుగా చేరవచ్చును. ముగియుటకు అయిదు మొదలు ఏడేండ్లు పట్టును. జర్మనీలో పెక్కుచోట్ల డాక్టరేటు విద్యార్థి ఒప్పందముపై జీతము పుచ్చుకొను ఉద్యోగియే. ఈ సంగతి తెలియక, అమెరికా యనగానే “అంత అప్పు మేమెక్కడ తేగలము” అని సత్తాగల పిల్లలను వెనుకకు లాగిన తండ్రులను మేమెఱుగుదుము. దరఖాస్తుల ఖర్చు మాత్రము చేతినుండి పెట్టవలెను. ఒక్కొక్క దరఖాస్తునకు ఇంచుమించు 75 మొదలు 125 డాలర్ల వఱకు అగును. ఎనిమిది పది చోట్లకు పంపినచో చిన్నసొమ్ము కాదు. కొన్నిచోట్ల కోరినచో రుసుము మాఫీ చేయుదురు. అడుగుటకు సిగ్గుపడరాదు.

సొమ్ముసంగతి ఇంతటితో చాలు. అసలు కష్టము వేఱొకటి కలదు. దానిని దాచి మిమ్ము ప్రోత్సహించుట మోసమగును.

మన పిల్లలు పరీక్షలలో దిట్టలు. నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తింపుమనిన నిమిషములో గుర్తింతురు. కాని పిహెచ్.డి. ప్రవేశమునకు మౌఖికపరీక్ష యుండును. అచట నల్లబల్లయొద్ద నిలువబెట్టి, “నిండుగా నీరున్న గ్లాసులో మంచుగడ్డ తేలుచున్నది, అది కరగినచో నీరు పొరలునా?” అని అడుగుదురు. క్వాంటం మెకానిక్సులో నూటికి తొంబదియైదు మార్కులు తెచ్చుకొన్నవాడు ఈ ప్రశ్నకు తత్తరపడుటను మేము కన్నులార చూచితిమి. నీరు పొరలదు. మంచు తేలునప్పుడు తన బరువునకు సరిపడు నీటినే తొలగించును, కరగి అంత నీరే యగును. అది చెప్పినంతనే రెండవ ప్రశ్న వచ్చును: “ఆ మంచులో ఒక గులకరాయి చిక్కుకొనియున్నచో?” దీని జవాబు మేమిప్పుడు చెప్పము. ఇంటికి పోయి పిల్లలను అడుగుడు. వారు ఫోనులో వెదకక, ఒక గ్లాసు తెచ్చి చూతమని లేచిరా, ఈ చదువునకు తగినవారే యని తెలిసికొనుడు.

చేరిన పిమ్మట మొదటి యేడాదియో రెండేండ్లో పాఠములుండును. యంత్రగతి, విద్యుదయస్కాంతత్వము, క్వాంటం మెకానిక్సు, సంఖ్యాకభౌతికము మున్నగునవి. ఒక్కొక్క లెక్క రెండు మూడు రాత్రులు పట్టును. అమెరికాలోని పెక్కు శాఖలలో పిదప అర్హతపరీక్ష యొకటి పెట్టుదురు. దానిలో తప్పినవాడు ఎం.ఎస్. పట్టముతో వెలుపలికి రావలసియుండును. ఇంతవఱకు పుస్తకము వెనుక ఎక్కడనో జవాబున్నది. ఆపైన పుస్తకమే లేదు. ఎవరికిని జవాబు తెలియని ప్రశ్నను తీసికొని కూర్చుండవలెను. ఇచటనే పిల్లలు బెదరుదురు, ఇంటివారు విసుగుదురు.

మా కథయే చెప్పెదము. మేము 1974లో పిహెచ్.డి.కి చేరితిమి. లోహపు పలుచని పొరలలో విద్యుత్తు ఎట్లు ప్రవహించునో కొలుచుట మా పని. ఆ పొరలను గాలిలేని గంటాకారపు గాజుపాత్రలో వేయవలెను. లోపలి పీడనము పాదరసపు మట్టము చొప్పున మిల్లీమీటరులో లక్షవవంతునకు దిగవలెను. మాది దిగలేదు. ఎక్కడనో గాలి చొరబడుచున్నది. స్పిరిటులో తడిపిన దూదితో ఒక్కొక్క అతుకును తాకుచు, పీడనమాపకపు ముల్లు కదలునా యని చూచుచు, ఏడు నెలలు గడపితిమి. అతుకులన్నియు మార్చితిమి. తుదకు, ఎవ్వరును విప్పని అడుగుపలకను విప్పగా, రబ్బరువలయముపై అడ్డముగా ఒక వెండ్రుక పడియుండెను. ఒక్క వెండ్రుక! మా గైడుగారు దానిని వెలుతురులో పట్టి చూచి, “మంచిది, ఇక మొదలుపెట్టుము” అని తమ గదికి పోయిరి.

ఆ ఏడునెలలలో ఇంటినుండి వచ్చిన ప్రతి యుత్తరము చివరను “ఎన్నాళ్లకు ముగియును?” అను ప్రశ్న యుండెడిది. వెండ్రుకసంగతి తండ్రిగారికి ఎట్లు వ్రాయుదుము? ఫెలోషిప్పు సొమ్ము ఆరునెలలకొకమారు వచ్చెడిది. నడుమ అప్పులు. మా తండ్రిగారు ఊరివారితో “మావాడు కలెక్టరుపరీక్షకు చదువుచున్నాడు” అని చెప్పుకొనెడివారని తరువాత ఎప్పుడో తెలిసినది. మాపై కోపముతో కాదు, ఏమి చెప్పవలెనో తెలియక. మేము చేయుచున్న పని ఒక పని యని చెప్పుకొనుటకు ఆయనకు మాట లేకపోయెను. మాకు ఆకలికంటె అది యెక్కువ బాధ.

సర్కారు ఉద్యోగమే సర్వమను భావము మనకొక్కరికే కాదు. చంద్రశేఖర వేంకటరామన్‌గారు 1907లో ఎం.ఏ. ముగించి, ఆర్థికశాఖ పరీక్షలో నెగ్గి, కలకత్తాలో పెద్ద యుద్యోగమునకు పోయిరి. ఉదయము ఆఫీసునకు ముందును, సాయంకాలము ఆఫీసు విడిచిన పిదపను, ఒక విజ్ఞానసంఘపు ప్రయోగశాలలో పనిచేసిరి. పదియేండ్లట్లు గడపి, 1917లో తక్కువ జీతమునకు విశ్వవిద్యాలయపు ఆచార్యపదవిని స్వీకరించిరి. 1928లో వారి పేరిట వెలసిన కాంతిఫలితము మీరెఱిగినదే. ఆ ప్రయోగశాలకు పోయినవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1909లో నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, హైదరాబాదు నిజాంకళాశాలలో చదివిన సూరి భగవంతంగారు. కలకత్తాలో రామన్‌గారియొద్ద పరిశోధనచేసి, వాల్తేరున ఆంధ్రవిశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1957 మొదలు 1962 వఱకు బెంగుళూరి సైన్సు ఇన్‌స్టిట్యూటునకు డైరెక్టరుగా నుండిరి. పిమ్మట రక్షణమంత్రికి విజ్ఞానసలహాదారులైరి. వారు మన కులమువారా కాదా యని ఒక మిత్రుడు మమ్ము చెవిలో నడిగెను. గ్రంథాలయమునకు పోయి వారి గ్రంథమును తెఱచి చూడుమని వానికి చెప్పితిమి.

భగవంతంగారివంటివారు ఎందఱో కారు. పిహెచ్.డి. చేసిన ప్రతివానికి ఆచార్యపదవి దొరకదు, నేడు మఱియు దుర్లభము. పట్టము పుచ్చుకొనిన పిదప రెండేండ్లకొక ఊరు చొప్పున రెండు మూడుచోట్ల తాత్కాలికపు పరిశోధకుడుగా తిరుగవలసివచ్చును. ముప్పదియైదేండ్లు వచ్చియు స్థిరత్వము లేనివారు కలరు. ఇది యెఱిగియే దిగవలెను. కాని దారి ఇదొక్కటే కాదు. ట్రాంబేలోని భాభా అణుకేంద్రపు శిక్షణశాల 1957 నుండి ఎం.ఎస్‌సి. వారిని తీసికొనుచున్నది. భౌతికశాస్త్రపు ఎం.ఎస్‌సి. పైన వికిరణభౌతికపు డిప్లొమా చేసినవారికి క్యాన్సరు ఆసుపత్రులలో పని కలదు. రోగికి ఎంత వికిరణము, ఎచట, ఎంతసేపు అని లెక్క కట్టువారు వారే. అంతరిక్షము, రక్షణపరిశోధన, అర్ధవాహకముల పరిశ్రమ, లెక్కలపై నడచు వ్యాపారములు, ఇవియు కలవు. వెండ్రుకకొఱకు ఏడునెలలు వెదకిన ఓర్పు ఎక్కడికి పోయినను వెంటనుండును.

గైడును గూర్చి ఒకమాట. పెండ్లిసంబంధమునకు మనము ఏడుతరములు విచారింతుము. పిల్లవాడు అయిదారేండ్లు ఎవరి చేతిక్రింద నుండునో ఆయనను గూర్చి ఒక్కమాటయు విచారింపము! ఆయనయొద్ద ఇంతవఱకు ఎందఱు ముగించిరి, ఎన్నేండ్లకు ముగించిరి, ముగింపక పోయినవారెందఱు, ఇప్పుడు వారెక్కడ నున్నారు, ప్రకటించిన వ్యాసములలో విద్యార్థుల పేర్లు ఏ చోట నుండును, అని పాతవిద్యార్థులకు ఉత్తరము వ్రాసి కనుగొనవలెను. గొప్పపేరుగల ఆచార్యునియొద్ద ఎనిమిదేండ్లు నలిగినవారిని, ఎవరికిని తెలియని మంచివానియొద్ద నాలుగున్నరయేండ్లకు ముగించి వెలుపలికి వచ్చినవారిని, మేము చూచితిమి. పేరుకంటె ఈ విచారణ ముఖ్యము.

ఇక ఆడపిల్లల సంగతి. ఈ సభలో తల్లులు హెచ్చుగా నున్నారు గావున విడమరచి చెప్పెదము. మా తరగతులలో ఆడపిల్లలే ముందుండెడివారు. ఎం.ఎస్‌సి. దాక వచ్చి ఆగిపోయెడివారు. పిహెచ్.డి. అనగా పెండ్లివయసు దాటునని భయము. తిరువాన్కూరు ప్రాంతమున 1918లో జన్మించిన అన్నా మాణిగారు బెంగుళూరిలో రామన్‌గారి ప్రయోగశాలలో వజ్రములు, కెంపులు వెదజల్లు కాంతిని పరిశోధించి, 1942 మొదలు 1945 లోపల అయిదు వ్యాసములు ఒంటిగా ప్రకటించిరి. సిద్ధాంతగ్రంథమును సమర్పించిరి. ఎం.ఎస్‌సి. పట్టము లేదను కారణమున డాక్టరేటు ఈయబడలేదు. ఆమె నిలిచిపోలేదు. వాతావరణశాఖలో చేరి, దేశమునకు కావలసిన కొలతపరికరములను ఇచటనే తయారుచేయించి, 1976లో ఆ శాఖకు డిప్యూటీ డైరెక్టరు జనరలుగా విశ్రాంతి పొందిరి. నేటి నిబంధనలు అంత కఠినములు కావు. 2022వ సంవత్సరపు యు.జి.సి. నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి కనిష్ఠకాలము మూడేండ్లు, గరిష్ఠకాలము ఆరేండ్లు. స్త్రీలకు మఱి రెండేండ్ల సడలింపు కలదు. ప్రసూతి, శిశుపోషణల నిమిత్తము 240 దినముల వఱకు సెలవు కలదు. పెండ్లియైనను చదువవచ్చునని చట్టమే చెప్పుచున్నది. “పెండ్లియైన పిమ్మట ముగించును” అని సంబంధము మాటాడునాడే ఎదుటివారితో చెప్పవలసిన పని మాత్రము తల్లిదండ్రులది.

దాతలకు మా మనవి చిన్నది. భవనములు కట్టుమని మేమడుగము. పిహెచ్.డి.కి లక్షలు ఈయుమనియు అడుగము, అవి విశ్వవిద్యాలయమే యిచ్చును. ఎం.ఎస్‌సి. రెండేండ్ల వసతిఖర్చు ఇంటివారికి బరువు. ప్రవేశపరీక్షల రుసుములు, మౌఖికపరీక్షకు పోవు రైలుఖర్చులు, విదేశపు దరఖాస్తుల ఖర్చులు బరువు. వీనికి సాయము కావలెను. వేఱొకటి మీరెవరును తలపని యవసరము: ఫెలోషిప్పు సొమ్ము నెలలకొలది ఆలస్యమగుట పరిశోధకులందఱును ఎఱిగిన బాధ. ఆ నడుమ నెలలలో భోజనశాలకు కట్టుటకు చేతిలో పైసయుండదు. వడ్డీలేని అప్పుగా ఇరువది ముప్పదివేలు ఇచ్చి, వేతనము రాగానే తిరిగి పుచ్చుకొను నిధి యొకటి మన సంఘమునకుండినచో చాలును. ఇచ్చిన సొమ్ము ఎక్కడికిని పోదు. మఱియొక పిల్లవానికి మరల పనికివచ్చును.

పదునొకండవ గడి యింకను మన ఫారములో నున్నది. నిన్నటిదినము కార్యదర్శిగారినడిగి ఒక ప్రతి తెప్పించి చూచితిమి, అక్షరమైనను మాఱలేదు. దానిని కొట్టివేసి, ఆ చోట “ఏమి చదువగోరుచున్నావు, ఏల?” అని వేయవలసినదిగా రేపటి కార్యవర్గమునకు లిఖితపూర్వకముగా తీర్మానము పంపియున్నాము. బలపఱచువారు కావలెను. నిధికి మా వంతుగా 50,000 రూపాయల చెక్కు కోశాధికారిగారికి ఉదయముననే అందజేసితిమి.

భోజనానంతరము మేము ఈ మంటపపు తూర్పువాకిలి ప్రక్కన కూర్చుందుము. జామ్, నెట్ పరీక్షల పాతప్రశ్నపత్రములు కొన్ని తెచ్చియున్నాము. బి.ఎస్‌సి. చదువుచున్న పిల్లలు రావచ్చును. తండ్రులును వెంటవచ్చినచో మఱియు సంతోషము. సెలవు.